కొండకు పెట్టిన పేరు

ఆటో వెనకద్దం మీద, కిరాణా కొట్టు బోర్డు మీద, కొత్తింటి గుమ్మం పైన, శుభలేఖ నెత్తిన యెహోవా యీరే అన్న మాట కనిపించని తెలుగు క్రైస్తవ పేట ఉండదేమో. ప్రార్థనల్లోనైతే చెప్పనే అక్కర్లేదు. ఆ మాటకు అర్థమేమిటన్న పేచీ ఇది. ఒంగోల్లో ఒక మేనత్తకూ మేనల్లుడికీ మధ్య నడిచింది. అత్త ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పేటలో ఆడవాళ్ల గృహకూడిక ఆమె చేతుల మీదే నడుస్తుంది. అల్లుడు వేదాంత కళాశాలలో హెబ్రీ చదువుతూ సెలవులకు వచ్చాడు. మనుషుల్ని నేను కల్పించాను. పేచీని కల్పించే పని పడలేదు, చాలా సంఘాల్లో అది గొంతు దించి నడుస్తూనే ఉంది.

అత్త: రాత్రి కూడికలో వాక్యం నువ్వే చెప్పాలి. యెహోవా యీరే మీద చెప్పు. వాళ్లు అడిగారు.

అల్లుడు: వాక్యం చెప్తానత్తా. ఆ పేరు మీద మాత్రం వద్దు.

అత్త: ఎందుకొద్దు? పొగాకు గ్రేడింగ్‌కి పోయే ఆమె కొడుక్కి ఈ వారంలో కాలేజీ ఫీజు కట్టాలి. ఇంకొకామె పెనిమిటి చీమకుర్తి క్వారీలో కాలు విరిగి మంచాన పడ్డాడు. వాళ్లకి ఇప్పుడు కావాల్సిన పేరు అదే.

అల్లుడు: నా బాధా అదే. అసలది దేవుడి పేరే కాదు. ఆదికాండం 22వ అధ్యాయం 14వ వచనం తీసి చూడు. అబ్రాహాము ఆ పేరు పెట్టింది చోటుకి. యెహోవా నిస్సీ కూడా అంతే, అమాలేకీయుల మీద గెలిచాక మోషే కట్టిన బలిపీఠం పేరు. యెహోవా షాలోము గిద్యోను కట్టిన బలిపీఠం. యెహోవా షమ్మా అయితే ఊరి పేరు, యెహెజ్కేలు గ్రంథం ఆఖరి వచనంలో ఉంది. మనం వీటన్నిటినీ పోగేసి దేవుడి బిరుదులుగా మార్చాం, క్యాలెండర్ మీద అచ్చేశాం. జబ్బొస్తే రాఫా, డబ్బు కావాలంటే యీరే. మందుల షాపులో అరలు పెట్టుకున్నట్టుంది.

అత్త: మందుల షాపు సంగతి నాకు చెప్పకు, ముప్పై ఏళ్లు వార్డుల్లో తిరిగినదాన్ని. నొప్పి ఎక్కడుందో చెప్పి అడగడం తప్పు కాదు. ఇకపోతే చోటు పేరంటావు. ఆ కొండ చూసుకుందనా అబ్రాహాము అన్నది? యెహోవా చూసుకున్నాడనే కదా. కొండకు పెట్టినా అందులో ఉన్నది ఆయన చేసిన పనే.

అల్లుడు: ఒప్పుకుంటాను. కానీ ఎప్పుడు పెట్టాడో చూడు. మూడు రోజుల నడక అయింది. బలిపీఠం కట్టాడు, కొడుకును కట్టేశాడు, కత్తి ఎత్తాడు. పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు కనపడింది. అంతా అయ్యాక పెట్టిన పేరు అది. మనమేమో ఏమీ కాకముందే, ఏమీ వదులుకోకుండానే, ఆ పేరు చెప్పి చెయ్యి చాస్తాం.

అత్త: అంతా అయ్యాకే అన్నాడా? 8వ వచనం చదవలేదా నువ్వు?

అల్లుడు: చదివాను.

అత్త: ఏముందక్కడ?

అల్లుడు: నిప్పు ఉంది, కట్టెలు ఉన్నాయి, గొర్రెపిల్ల ఏదని ఇస్సాకు అడుగుతాడు. దేవుడే చూసుకుంటాడు నాయనా అంటాడు తండ్రి.

అత్త: హెబ్రీలో అదే మాటా, వేరే మాటా?

అల్లుడు: అదే మాట. యిరే.

అత్త: మరి? కొండెక్కుతూ ఉండగానే ఆ మాట వచ్చింది. పొట్టేలు లేదు, దేవదూత లేడు. కట్టెల మోపు పిల్లాడి వీపున ఉంది, కత్తి తండ్రి చేతిలో ఉంది. అది పేరు కావడానికి ముందు, ఒక బిడ్డ అడిగినదానికి తండ్రి చెప్పిన జవాబు. అది వదిలేసి 14వ వచనం దగ్గర కూర్చుంటావేం?

(ఇక్కడ అల్లుడు కాసేపు మాట్లాడలేదు. నా మట్టుకు నాకు ఈ సంవాదంలో ఇదే అసలు చోటనిపిస్తుంది. ఆ అధ్యాయం మీద ప్రసంగాలు చాలావరకు కత్తి దగ్గర ఆగుతాయి, లేదంటే పొట్టేలు దగ్గర. ప్రశ్న దగ్గర ఆగేవి తక్కువ.)

అల్లుడు: ఆ జవాబు గురించి ఇంకొకటుందత్తా. హెబ్రీలో ఆ వాక్యం చివర 'నా కుమారుడా' అని ఉంటుంది. దాన్ని పిలుపుగా చదవొచ్చు, చాలామంది అలాగే చదువుతారు. కానీ కామాలూ చుక్కలూ లేని రాత అది. బలికి గొర్రెపిల్ల నా కొడుకే అని కూడా చెవికి సోకుతుంది. యూదుల పాత వ్యాఖ్యాతలు ఈ మెలికను పట్టుకున్నారు. ఆ తండ్రి విశ్వాసంతో అన్నాడో, కొడుకు మొహం చూడలేక మాట దాటేశాడో తేల్చి చెప్పలేం.

అత్త: తేల్చడమెందుకు? కాలేజీలో ఫీజు కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వరంట, ఎట్టా అమ్మా అని ఆ పిల్లాడు అడిగితే ఆమె ఏమంది? దేవుడు చూసుకుంటాడు లేరా అంది. అది ధైర్యంతో అందా, వేరే జవాబు లేక అందా? ఆమెకే తెలీదు. అబ్రాహాముకి తెలిసుంటుందని నేననుకోను. నువ్వేమో ఆయనకి విశ్వాసవీరుడని దండ వేసి, ఆమెకి ప్రాస్పెరిటీ బోధ అని పేరు పెడతావు.

అల్లుడు: ఆమెను నేనేమీ అనలేదు. నా కోపం ఆమె నోటికి ఆ మాట అందించినవాళ్ల మీద. టీవీ పెట్టు. యెహోవా యీరే అని గట్టిగా అరిచి, విత్తనం వెయ్యండి, నూరంతలు కోస్తారు అని కింద అకౌంటు నంబరు వేస్తారు. ఇదే పేరును హడ్సన్ టేలర్ ఎలా వాడాడో తెలుసా? 1865లో చైనా ఇన్‌లాండ్ మిషన్ మొదలుపెట్టినవాడు. ఎబెనెజరు, యెహోవా యీరే అని చైనా లిపిలో రాయించి గోడకు తగిలించుకున్నాడు. ఎవరినీ చందా అడగకూడదు, అప్పు చెయ్యకూడదు, అదీ ఆ మిషన్ నియమం. మనుషుల ముందు చెయ్యి చాచకుండా ఉండటానికి ఆయన వాడిన పేరును మనవాళ్లు మనుషుల జేబులో చెయ్యి పెట్టడానికి వాడుతున్నారు.

అత్త: అక్కడ నీతో నాకు పేచీ లేదు. మా కూడికలో అకౌంటు నంబర్లు లేవు. వాళ్లు చేసినదానికి మా నోరు కట్టెయ్యకు, అంతే.

అల్లుడు: నోరు కట్టెయ్యడం కాదు, అర్థం సరిచెయ్యడం. ఆ క్రియకు హెబ్రీలో మొదటి అర్థం చూడటం. గ్రీకులోకి మార్చినవాళ్లు ప్రభువు చూశాడు అని రాశారు, జెరోము లాటిన్‌లో ప్రభువు చూస్తున్నాడు అని రాశాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు హెబ్రీ పేరునే ఉంచేసింది, మన తెలుగు బైబిలూ అంతే. సమకూర్చడం అన్న అర్థం ఒక్కటే పెద్దదై కూర్చున్నది ఇంగ్లీషు ప్రసంగాల వల్ల.

అత్త: మనకు ఆ గొడవే లేదు. చూసుకుంటాడు అంటే రెండూ వస్తాయి. ఇంకేం కావాలి?

అల్లుడు: రెండూ వస్తాయి, మొదటిది మర్చిపోతాం. ఆ 14వ వచనంలోనే రెండో సగం ఉంది. యెహోవా కొండ మీద కనబడుతుంది, లేదా ఆయన కనబడతాడు. హల్లులు అవే, అచ్చులు మారితే చూస్తాడు అన్నది కనబడతాడు అవుతుంది. దినవృత్తాంతాల రెండో గ్రంథంలో సొలొమోను మందిరం కట్టింది, అబ్రాహాము వెళ్లిన ఆ మోరీయా కొండ మీదే అంటారు. అక్కడ దావీదుకు దేవుడు కనబడ్డాడని చెప్పేటప్పుడు వాడిందీ ఈ క్రియనే. ఏడాదికి మూడు పండుగలకు ఇశ్రాయేలు మగవాళ్లు యెహోవా ఎదుట కనబడాలి అన్న ఆజ్ఞలోనూ ఇదే. అంటే ఆ పేరుతో ప్రార్థించడమంటే ఆయన చూపు కింద నిలబడటం. తెచ్చిపెట్టు అనడం కంటే ముందు, నన్ను చూడు అనడం.

అత్త: బాగుంది. ఇదేదో ప్రసంగంలో చెప్పు, నిన్ను మెచ్చుకుంటారు.

అల్లుడు: వెటకారమా?

అత్త: సగం. చూడటమంటే నీకు బాగా నచ్చింది కదా, హాగరు దగ్గరికి రా.

అల్లుడు: నేనే వద్దామనుకున్నాను. 16వ అధ్యాయం. ఐగుప్తు దాసి, యజమానురాలు బాధపెడితే కడుపుతో ఎడారిలోకి పారిపోయింది. నీళ్ల ఊట దగ్గర దూత మాట్లాడితే, నన్ను చూసే దేవుడివి నువ్వు అని పేరు పెట్టింది. ఎల్ రోయి. అదే ధాతువు. చోటుకి కాదు, నేరుగా దేవుడికే పెట్టింది. బైబిల్లో దేవుడికి తన నోటితో పేరు పెట్టిన మనిషి ఆమె ఒక్కతే అంటారు. ఆమెకు అక్కడ దొరికిందేమిటి? బానిసత్వం నుంచి విడుదల కూడా కాదు, తిరిగి వెళ్లు అన్నారు. చూశాడన్నదొక్కటే ఆమెకు చాలింది.

అత్త: అక్కడే ఆపేస్తావా? 21వ అధ్యాయం కూడా చెప్పు.

అల్లుడు: ...బెయేర్షెబా అరణ్యం.

అత్త: తిత్తిలో నీళ్లయిపోయాయి. బిడ్డ చచ్చిపోతుంటే చూడలేనని వింటివేత దూరాన కూర్చుని ఏడ్చింది. అప్పుడు దేవుడు ఆమె కళ్లు తెరిచాడు, బావి కనపడింది. చూసే దేవుడు ఊరికే చూసి ఊరుకోలేదు నాయనా, నీళ్లు చూపించాడు. వార్డులో పేషెంటుని చూశానని చార్టు మీద సంతకం పెట్టి పోయేవాళ్లని చాలామందిని చూశాను నేను. చూడటం అంటే అది కాదు. ఆ అధ్యాయం అయిపోగానే వచ్చేది నీ మోరీయా. ఒక తల్లి బిడ్డకి నీళ్లు, వెంటనే ఒక తండ్రి బిడ్డకి పొట్టేలు. రెంటినీ పక్కపక్కన పెట్టినవాడికి తెలీదంటావా?

అల్లుడు: తెలుసు. కావాలనే పెట్టినట్టుంటుంది.

అత్త: ఇంకోటి. నువ్వు 14వ వచనం సగం చెప్పి దాటేశావు. ఆ పేరును బట్టి నేటి వరకు జనం ఇలా అంటారు అని ఉందా లేదా? అంటే ఆ పుస్తకం రాసే నాటికే అది జనం నోట సామెత. మేకలు కాసుకునేవాళ్లూ, కూలికి పోయేవాళ్లూ, అప్పులు తీర్చలేనివాళ్లూ అనుకున్నారు. వాళ్లలో ఎవరు ఎక్కారు మోరీయా? ఎవరు కత్తి పట్టారు? ఎవరో ఎక్కిన కొండ పేరును అందరూ వాడుకోవచ్చని బైబిలే రాసిపెడితే, మా ఆటోవాళ్ల మీద పడతావేం?

అల్లుడు: ఆ మాట నేను ఆలోచించలేదు. సరే, వాడుకోవచ్చు. కానీ వాడుకునేటప్పుడు ఆ కొండ మీద ఏం జరిగిందో తెలియాలి. యూదులు ఈ కథను కొత్త సంవత్సరం పండుగ రెండో రోజున సమాజ మందిరాల్లో చదువుతారు, పొట్టేలు కొమ్ము ఊదుతారు. యెహోవా అన్న ఆ నాలుగు హెబ్రీ అక్షరాల పేరును వాళ్లు నోటితో పలకనే పలకరు, అదోనాయ్ అంటారు. అంత భయభక్తులు. క్రైస్తవులు మొదటి నుంచీ ఈ కథను సిలువ వైపు నుంచి చదివారు. దేవుడు తన సొంత కొడుకును ఇవ్వడానికి వెనుదీయలేదని పౌలు రోమా 8లో రాసినప్పుడు మోరీయాను తలచుకునే రాశాడంటారు. ఇస్సాకు బదులు పొట్టేలు దొరికింది. గొల్గొతాలో ఎవరూ దొరకలేదు. క్రైస్తవుడు యీరే అంటే అది కూడా కలిపి అనాలి. చూసుకోవడానికి ఆయన పెట్టిన ఖర్చు అది.

అత్త: ఆమెన్. దీనికి నేను అడ్డు చెప్పను. కానీ పౌలు ఆ వచనాన్ని ఎలా ముగించాడు? అంత ఇచ్చినవాడు మిగతావి ఎందుకివ్వడని కదా. ఫీజు ఆ మిగతావాటిలో రాదా?

అల్లుడు: ఆ మిగతావి ఏమిటన్న దాని మీదే వివాదం. అదే అధ్యాయంలో శ్రమ, కరువు, ఖడ్గం కూడా ఉన్నాయి. అవి రావని పౌలు అనలేదు.

అత్త: కరువన్నావు కాబట్టి చెప్తాను. నువ్వు తిరుగుతున్న ఈ ఊళ్లో ఒక కొండ ఉంది, ప్రేయర్ మీటింగ్ హిల్ అంటారు. అదీ చోటు పేరే. 1854 జనవరి 1న తెల్లవారకముందే మిషనరీ జూవెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగువాళ్లు ఎక్కి, ఒంగోలుకి ఒక మిషనరీని పంపమని అడిగారు. వాళ్లు అడిగిన ఆ మిషనరీ, క్లౌ దొర, ఇక్కడికొచ్చింది 1866లో. పన్నెండేళ్లు. ఆ తర్వాత 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, మన మాదిగ పల్లెలవాళ్లను వేల మందిని పనిలో పెట్టాడు. మా ముత్తవ్వ వైపువాళ్లు ఆ మట్టి మోసినవాళ్లే.

అల్లుడు: ఆ కథలో నువ్వు చెప్పనిది నేను చెప్తాను. గింజలు పంచుతున్నన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. అన్నాన్నీ పేరునూ ఆయన విడదీశాడు. నేను అడుగుతున్నదీ అదే.

అత్త: ఆయన విడదీశాడు, ఆయనకి అమెరికాలో లెక్కలు చెప్పుకోవాలి. నీళ్లలో దిగినవాళ్లు విడదీశారా? కడుపు కాలినప్పుడు మనిషిగా చూసింది ఎవరో వాళ్లకి తెలుసు. అంతకు ముందు ఆ జనాన్ని ఊరు చూసేది కాదు. నీడ పడితే పక్కకి జరిగేది. వాళ్లకి పని దొరికింది, కూలి దొరికింది, మొహం చూసి మాట్లాడే మనిషి దొరికాడు. అందులో చూడటం ఏది, సమకూర్చటం ఏది? తీసి చూపించు.

అల్లుడు: తియ్యలేను. కానీ ఆ కరువులో లక్షలమంది చచ్చిపోయారు కూడా. వాళ్లలోనూ ప్రార్థించినవాళ్లున్నారు. వాళ్ల విషయంలో ఈ పేరు ఏమంటుంది?

అత్త: నాకు తెలీదు.

అల్లుడు: నాకూ తెలీదు. అందుకే గట్టిగా అరవడానికి నోరు రాదు.

అత్త: నేనూ అరవను. శారా గురించి ఆలోచించావా ఎప్పుడైనా? మీ మగవాళ్లంతా కొండ మీద ఉంటారు. ఆమె డేరాలో ఉంది. చీకటితోనే లేచి గాడిదకు గంత కట్టి కొడుకును తీసుకుపోయాడు. ఆమెకు చెప్పినట్టు రాయలేదు. తిరిగొచ్చేటప్పుడు అబ్రాహాము వచ్చాడని రాశారు, ఇస్సాకు పేరు అక్కడ లేదు. తర్వాతి అధ్యాయం తెరిస్తే శారా చనిపోయింది.

అల్లుడు: కొండ మీద సంగతి విని ఆమె గుండె ఆగిపోయిందని యూదుల మిద్రాషు వ్యాఖ్యానాల్లో ఉంది.

అత్త: ఉండకేం. మా కూడికకు వచ్చేవాళ్లంతా శారాలే. కొండ మీద ఏం జరుగుతోందో వాళ్లకి కబురు రాదు. కొడుకు హైదరాబాదులో ఏం చేస్తున్నాడో తెలీదు, మొగుడు క్వారీ నుంచి తిరిగొస్తాడో లేదో తెలీదు. వాళ్లు యెహోవా యీరే అనేది ఏదో తెచ్చిపెట్టమని మాత్రమే కాదు. నేను చూడలేని చోట నువ్వు చూడు అని. ఇది నీ హెబ్రీకి సరిపోతుందా?

అల్లుడు: హెబ్రీకి సరిపోతుంది. మత్తయి 6కి ఇంకా బాగా సరిపోతుంది. తలుపు వేసుకుని ప్రార్థించు, రహస్యంలో చూసే తండ్రి ఉన్నాడు అన్నాడు యేసు. నా దృష్టిలో క్రైస్తవ ప్రార్థనలో ఈ పేరుకు అదే అసలు చోటు. అక్కడ అరవడానికి లేదు, ఎవరికీ చూపించుకోవడానికి లేదు. మీకేం కావాలో మీరు అడగకముందే ఆయనకు తెలుసు అంటాడు.

అత్త: తెలుసు అని చెప్పి వెంటనే ఏం నేర్పాడు? ఈ రోజుకి కావాల్సిన అన్నం అడగమని. తెలిసినవాడిని అడగమన్నాడు, అదీ అన్నం.

అల్లుడు: ఈ రోజుకి. విత్తనం వేసి నూరంతలు కాదు.

అత్త: ఈ రోజుకే. సరే, తేల్చు. రాత్రి ఆ పేరు చెప్తావా, చెప్పవా?

అల్లుడు: చెప్తాను. ఇస్సాకు ప్రశ్న దగ్గర మొదలుపెడతాను. పిల్లలు అలా అడిగినప్పుడు మీరేం జవాబు చెప్పారని వాళ్లనే అడుగుతాను. శారాను నీ దగ్గర అరువు తీసుకుంటాను. ఫీజు వచ్చి తీరుతుందని మాత్రం అనను.

అత్త: అనమని ఎవరడిగారు? కూడిక అయ్యాక కానుకల డబ్బా తెరుస్తాం. ఉన్నదంతా ఆమె చేతిలో పెడతాం, తక్కువైతే తలా కాస్త వేస్తాం. నీ వంతు ఎంతో ఇప్పుడే చెప్పు.

అల్లుడు: నా దగ్గర తిరుగు ప్రయాణానికి బస్సు డబ్బులే ఉన్నాయత్తా.

అత్త: ఏ బస్సుకి?

అల్లుడు: ఏసీ బస్సుకి.

అత్త: రైల్లో జనరల్ బోగీలో పో. మిగిలింది ఇటివ్వు.